పాత ఆయిల్ ఇంజన్‌ని పొలం నుంచి విరగకుండా ఇంటికి తెచ్చుకోవడం ఎలా

ముప్పై ఏళ్లు ఎండకు ఎండి వానకు తడిసిన ఇంజన్ ఇంకెందుకు పనికొస్తుందని ఊళ్లో ఎవరైనా అంటారు. నేను ఇప్పటిదాకా నాలుగు పాత ఆయిల్ ఇంజన్లు బెంగళూరుకు తెచ్చాను. వాటిలో ఎండావానలు పాడు చేసింది చాలా తక్కువ. చక్రం ఆకు విరిగినా, అడుగున కాలు పగిలినా, డీజిల్ పైపు వంకరపోయినా, అన్నీ మేం వెళ్లిన రోజు ఆ రెండు మూడు గంటల తొందరలో జరిగినవే. మొదటి ఇంజన్‌ని జేసీబీ బొక్కెనకు గొలుసు కట్టి లేపించాం. అది గాల్లో ఊగి పక్కనున్న బండకు తగిలి, చక్రం ఆకు ఒకటి మా కళ్ల ముందే పుటుక్కున విరిగింది. పోత ఇనుము వంగదు, విరుగుతుంది. ఆ రోజు నుంచి పద్ధతి మార్చుకున్నాను, ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నా. మీ తాతగారి పొలంలోనో మేనమామ తోటలోనో ఒక ఇంజన్ పడి ఉండి, దాన్ని తుక్కు కింద తూకానికి వెళ్లనివ్వకుండా తెచ్చుకోవాలని మీకుంటే ఇది మీ కోసమే.

ఒక్క మాట ముందే చెప్తాను. రెండుసార్లు వెళ్లండి. మొదటిసారి చూడటానికి, రెండోసారి తేవడానికి. బెంగళూరు నుంచి ఎంత దూరమైనా సరే, ఆదివారం పొద్దున బయల్దేరి సాయంత్రానికి ఇంజన్‌తో తిరిగి రావాలనే ప్లాన్ మాత్రం వేసుకోకండి.

ఏ ఇంజన్ అని ముందు తెలుసుకోండి

మన పల్లెల్లో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి రెండు పక్కలా బండి చక్రాల్లాంటి పెద్ద చక్రాలున్న లిస్టర్ రకం. అసలుది ఇంగ్లండులోని డర్స్‌లీ అనే ఊళ్లో తయారైంది. దాని అచ్చునే మన రాజ్‌కోట్‌లో లెక్కలేనంత మంది పోత పోశారు, ఇప్పటికీ పోస్తున్నారు. ప్లేటు మీద 6/1 అని ఉంటే ఆరు హార్స్‌పవర్, ఒక సిలిండర్ అని అర్థం. నిమిషానికి 650 చుట్లు మాత్రమే తిరుగుతుంది, అందుకే ఆ డుగ్... డుగ్... డుగ్ అనే నిదానమైన చప్పుడు. రెండోది కిర్లోస్కర్ రకం, చిన్నది, నిమిషానికి 1500 చుట్లు. ఏవీ1 మోడల్ అయితే ఐదు హార్స్‌పవర్, సిలిండర్ వెడల్పు 80 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 110 మిల్లీమీటర్లు. కూపర్, రస్టన్ లాంటివి కూడా అక్కడక్కడా తగులుతాయి, అవి దొరికితే అదృష్టం అనుకోండి కానీ స్పేర్లకు తిరగాల్సి వస్తుంది.

మొదటిసారి చేసేవాళ్లు లిస్టర్ రకం కోసమే చూడండి. రింగులు, గ్యాస్కెట్లు, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ ఇవాళ్టికీ కొత్తవి దొరుకుతాయి. పైగా అన్నీ పెద్ద పెద్ద భాగాలు, విప్పుతుంటే ఏది ఎందుకుందో కంటికే తెలిసిపోతుంది. ఒక ఇంజన్ లోపల ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడకపోతే, వెళ్లేముందు కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య మ్యూజియంలో ఇంజన్ల హాల్లో ఒక గంట గడపండి.

ఫోన్లోనే తేల్చుకోవాల్సినవి

పొలం వాళ్లను నాలుగు ఫోటోలు అడగండి. ప్లేటు, రెండు చక్రాలు, ఇంజన్ కూర్చున్న చోటు మొత్తం, అక్కడిదాకా వచ్చే దారి. దారి ఫోటో అన్నిటికన్నా ముఖ్యం. ఫోన్లో "బండి వచ్చేస్తుంది సార్" అంటారు, అక్కడికి వెళ్తే ఎడ్లబండి బాట, మధ్యలో ఒక వంక, దాని అవతల అర కిలోమీటరు గట్టు మీద నడక.

తర్వాత అడగాల్సింది ఇంజన్ ఎవరిది అని. ఈ ప్రశ్న అడగకపోవడం వల్ల ఒకసారి వట్టి చేతులతో తిరిగొచ్చాను. మన వైపు బావుల్లో చాలా వాటికి వాటాలుంటాయి, అన్నదమ్ములు వంతుల ప్రకారం నీళ్లు పెట్టుకున్నవే. ఇంజన్ కూడా అందరూ డబ్బులేసుకుని కొన్నదే అయి ఉంటుంది. మీతో మాట్లాడిన పెద్దాయన మనస్ఫూర్తిగా ఇస్తానన్నా, ఆయన తమ్ముడి కొడుకు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి "మా నాయన సొమ్ము ఎవరిని అడిగి ఇస్తున్నావు పెదనాయనా" అంటే ఆ పని అక్కడితో ఆగిపోతుంది, అది న్యాయం కూడా. కాబట్టి వాటాదారులందరితో మాట్లాడించి, ఒక తెల్లకాగితం మీద ఇంజన్ నంబరు వేసి, ఇచ్చేవాళ్లతో సంతకాలు పెట్టించుకోండి. రాష్ట్రం దాటి వచ్చేటప్పుడు దారిలో ఎవరైనా ఆపినా ఆ కాగితం పనికొస్తుంది. విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు తీసుకునే జీఎస్టీ పత్రం) సంగతి ముందే కనుక్కోండి.

ధర గురించి నా పద్ధతి చెప్తాను. ఆ రోజు పాత ఇనుము కేజీ ఎంత పలుకుతోందో తెలుసుకుంటాను, ఇంజన్ బరువుకు ఎంతవుతుందో లెక్క వేసి దానికన్నా స్పష్టంగా ఎక్కువ ఇస్తాను. లిస్టర్ రకం చక్రాలతో కలిపి మూడు వందల కేజీలకు పైనే ఉంటుంది. వాళ్ల ఇంటి మొదటి మెషీన్ అది, దాన్ని చూపించి ఆడపిల్ల పెళ్లి సంబంధం కుదుర్చుకున్న ఇళ్లున్నాయి. అక్కడ కేజీ లెక్కన బేరం ఆడటం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

ఇక ఎప్పుడు వెళ్లాలి అంటే, సంక్రాంతి నుంచి ఉగాది లోపల. అప్పటికి వేరుశనగ, వరి ఇంటికి చేరి ఉంటాయి, పొలం ఖాళీగా ఉంటుంది, దారి గట్టిగా ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు.

మొదటి ప్రయాణం

చేతిలో ఉండాల్సినవి టార్చి, పొడుగు కర్ర, చిన్న సుత్తి, వైర్ బ్రష్, చాక్‌పీసులు, రెండు లీటర్ల డీజిల్, పాత గేర్ ఆయిల్ ఒక సీసా, గుడ్డలు, మందమైన బూట్లు. స్పానర్లు తీసుకెళ్లకండి. ఉంటే చేయి ఊరుకోదు.

పంపు షెడ్డులోకి నేరుగా చేయి పెట్టకండి. ముందు కర్రతో నేల మీద, రేకుల మీద గట్టిగా కొట్టి పది నిమిషాలు ఆగండి. చక్రాల కింది గుంతలో పాములు, సైలెన్సర్ పక్కన రాళ్ల సందుల్లో తేళ్లు, పైన దూలానికి కందిరీగలు ఉంటాయి. ఊరివాళ్లను ఒకరిని పక్కన పెట్టుకోండి, ఏ మూల ఏముంటుందో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు.

తర్వాత ఇంజన్ చుట్టూ నిదానంగా తిరగండి. సైలెన్సర్ పైపు నిలువుగా ఆకాశంలోకి తెరుచుకుని ఉంటే, అన్నేళ్ల వాన నీళ్లూ సిలిండర్‌లోకి దిగి ఉంటాయి. అంటే పిస్టన్ పట్టేసి ఉండటం దాదాపు ఖాయం. ఎవరో పుణ్యాత్ముడు దాని మీద ఒక డబ్బా బోర్లించి ఉంటే సగం కష్టం తీరినట్టే. నాకు దొరికిన రెండో ఇంజన్ సైలెన్సర్ మీద పాత ఇత్తడి చెంబు ఒకటి బోర్లించి ఉంది, దాన్ని తీసి చూస్తే పైపు లోపలి మసి ఇంకా పొడిగా, నల్లగా, నిన్ననే ఆపినట్టుంది.

చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఒక అంగుళం కదులుతుందేమో చూడండి. కదిలితే సంతోషం, కదలకపోతే అక్కడితో ఆపేయండి. గడ్డపార ఆకుల మధ్య పెట్టి తిప్పుతామని పక్కవాళ్లు ఉత్సాహపడతారు, ఒప్పుకోకండి. కదిలినా సరే, పూర్తి చుట్టు తిప్పకండి. వాల్వు తుప్పుతో బిగుసుకుపోయి ఉంటే దాన్ని నెట్టే కడ్డీ, అంటే పుష్‌రాడ్, వంగిపోతుంది. పుష్‌రాడ్లు తీశాకే తిప్పడం.

చక్రం బాగుందో లేదో తెలుసుకోవడానికి సుత్తితో మెల్లగా ఒక్కో ఆకునూ తట్టండి. మంచి పోత ఖంగుమంటుంది, పగులు ఉంటే డొక్కు చప్పుడు వస్తుంది. మధ్యలో ఇరుసు పట్టే చోట, ముఖ్యంగా కీ (చక్రాన్ని ఇరుసుకు బిగించే ఇనుప చీలిక) కూర్చునే గాడి మూలల్లో, పగుళ్లు ఉండే అవకాశం ఎక్కువ. అక్కడ బ్రష్‌తో బాగా రుద్ది, డీజిల్ పూసి, పది నిమిషాలాగి గుడ్డతో పొడిగా తుడిచి, చాక్‌పీస్ పొడి రుద్దండి. పగులు ఉంటే లోపల దాక్కున్న డీజిల్ బయటికి ఊరి తెల్లటి పొడి మీద సన్నటి తడి గీతలా కనిపిస్తుంది. అలాంటి గీత కనిపిస్తే ఆ ఇంజన్‌ని తెచ్చుకోండి, దాచుకోండి, కానీ ఆ చక్రంతో మాత్రం ఎప్పుడూ నడపకండి. తిరిగేటప్పుడు పగిలిన చక్రం ముక్క ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు.

వెళ్లేముందు చేయాల్సిన అసలు పని నానబెట్టడం. దిమ్మెకు బిగించిన నాలుగు బోల్టుల నట్లు, హెడ్ నట్లు, చక్రాల కీలు, అన్నిటినీ బ్రష్‌తో రుద్ది డీజిల్, గేర్ ఆయిల్ కలిపిన మిశ్రమం ధారాళంగా పోయండి. నాజిల్ ఊడొచ్చేలా ఉంటే తీసి ఆ రంధ్రంలోంచి సిలిండర్‌లోకి ఒక గ్లాసెడు పోయండి, రాకపోతే గాలి లోపలికి పోయే ఇన్‌లెట్ వైపు నుంచి. పొలం వాళ్లతో "అన్నా, వారానికి రెండుసార్లు ఇట్లా పోస్తుండు" అని చెప్పి మిగిలిన సీసా వాళ్లకే ఇచ్చి రండి. రెండు మూడు వారాలు నానితే, మొదటి రోజు సమ్మెటకు లొంగని నట్టు మామూలు స్పానర్‌కు లొంగుతుంది.

చిన్న సామాన్లు కూడా అప్పుడే అడగండి, రెండోసారి వచ్చేలోపు వెతికి పెడతారు. హ్యాండిల్, డీజిల్ ట్యాంకు, గాలి ఫిల్టర్ డబ్బా, నూనె కొలిచే పుల్ల, పెద్ద స్పానర్, పుస్తకం. ఇంజన్ కన్నా ముందు మాయమయ్యేవి ఇవే. మూడో ఇంజన్ దగ్గర పెద్దాయన్ని అడిగాను, "హ్యాండిల్ ఏమైంది పెద్దాయనా?" అని. "యాడికి పోతాది నాయనా, ఆ దూడను కట్టేసింది దానికే కదా" అన్నాడు. చూస్తే కొట్టం ముందు సగం దాకా భూమిలోకి దిగ్గొట్టి, పలుపు ఒరిపిడికి వంపు దగ్గర అద్దంలా నునుపెక్కి, హ్యాండిల్ అక్కడే ఉంది. దూడకు ఇంకో గుంజ నాటించి దాన్ని తెచ్చుకున్నాను.

బావిలో ఉన్న ఇంజన్

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ప్రాణం పోయే ప్రమాదం ఉన్న చోటు ఇదే.

రాయలసీమ, కోలారు, చిక్కబళ్లాపురం వైపు చాలా ఇంజన్లు గట్టు మీద ఉండవు, బావి లోపల ఉంటాయి. కారణం ఏమిటంటే, పైన పెట్టిన పంపు నీళ్లను పీల్చుకోగలిగే లోతుకు ఒక హద్దుంది. గాలి ఒత్తిడి నీళ్లను లెక్క ప్రకారం పది మీటర్లకు కాస్త పైదాకా ఎత్తగలదు, పనిలో మాత్రం ఏడు మీటర్ల దగ్గరే కష్టమవుతుంది. నీటి మట్టం కిందికి పోయేకొద్దీ రైతులు బావి గోడలో అరుగు తొలిచి ఇంజన్‌నీ పంపునీ కిందికి దించారు, ఇంకా తగ్గితే ఇంకో అరుగు. పొగ పైపు గోడ వెంట పైదాకా లాగారు. చివరికి బోర్లు వచ్చాయి, 2004లో ఆంధ్రాలో సాగుకు ఉచిత కరెంటు వచ్చింది, బావి ఎండింది, ఇంజన్‌ని మళ్లీ పైకి ఎత్తడానికి కూలి ఎందుకు దండగని అక్కడే వదిలేశారు.

అలాంటి బావిలోకి దిగేముందు గాలి సంగతి చూడాలి. ఆకులూ చెత్తా కుళ్లిన పాడుబావుల అడుగున ఊపిరాడని గాలి నిలిచి ఉంటుంది. కంటికి కనపడదు, చాలాసార్లు వాసనా ఉండదు. దీపం తాడుకు కట్టి దించితే ఆరిపోయిన చోటు మనిషి దిగే చోటు కాదు. కానీ దీపం వెలిగినంత మాత్రాన గాలి మంచిదని కూడా నమ్మకండి, విషవాయువు ఉన్నా దీపం వెలుగుతూనే ఉండొచ్చు. పైనుంచి బ్లోయర్ పెట్టి పైపుతో అడుగుదాకా గాలి కొట్టించండి, మనుషులు లోపల ఉన్నంతసేపూ ఆపకండి. కరెంటు లేకపోతే పాతకాలం వాళ్లు వేపకొమ్మల మోపు తాడుకు కట్టి పైకీ కిందికీ ఆడించేవాళ్లు. అది గాలిని కదిలిస్తుందే గానీ, దాన్ని నమ్ముకుని దిగమని నేను చెప్పను. లోతైన, ఇరుకైన బావి అయితే గాలిని కొలిచే మీటర్ ఉన్నవాళ్లు వచ్చేదాకా ఆగండి. బావి లోపల డీజిల్‌తో నడిచే నీళ్ల పంపు గానీ జనరేటర్ గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ నడపకండి. దిగే మనిషి నడుముకూ భుజాలకూ తాడు ఉండాలి, ఆ తాడు పైన ఇద్దరి చేతుల్లో ఉండాలి. కింద మనిషి తూలాడంటే కాపాడదామని ఇంకొకరు దిగకూడదు. పైనుంచి లాగడమే. ఒకరి వెనక ఒకరు దిగి ముగ్గురేసి పోయిన ఘటనలు మనం ఏటా వింటూనే ఉన్నాం.

ఎత్తడానికి క్రేన్ కోసం వెతక్కండి. పల్లెల్లో బోరు మోటార్లు లాగేవాళ్లు ఉంటారు. మూడు కాళ్ల స్టాండు, చైన్ బ్లాక్ (గొలుసు లాగి బరువెత్తే కప్పీ) వాళ్లకు రోజూ చేతిలో ఆడేవి. బావి గట్టు ఎక్కడ గట్టిది, ఎక్కడ కూలుతుందో చూడగానే చెప్తారు. ఒక రోజు కూలికి మాట్లాడుకోండి, ఇంకో వంద ఎక్కువే ఇవ్వండి. చైన్ బ్లాక్ టన్ను బరువుకు తగ్గనిది ఉండాలి. స్టాండు కాళ్ల కింద మందమైన చెక్కలు వేయండి, లేకపోతే ఒక కాలు మట్టిలో దిగబడి మొత్తం ఒరుగుతుంది.

బావిలో ఉన్న ఇంజన్‌ని ఒకే ముక్కగా ఎత్తకండి. చక్రాలు, హెడ్, సిలిండర్, కింది పెట్టె, ఇలా విడివిడిగా ఎత్తితే పట్టు తప్పినా ఒక భాగమే పోతుంది, బరువూ చేతిలో ఉంటుంది. ఎత్తేటప్పుడు కింద ఎవరూ నిలబడకూడదని వేరే చెప్పక్కర్లేదు కదా. అరుగు మీద ఉన్నవాళ్లు కూడా పైకి వచ్చేశాకే చైన్ లాగండి.

విప్పడం

విప్పే ముందు ప్రతి వైపు నుంచీ ఫోటోలు, పైపులు ఎటు నుంచి ఎటు వెళ్తున్నాయో ఒక చిన్న వీడియో. ఎడమ చక్రం మీద ఒక చుక్క, కుడి చక్రం మీద రెండు చుక్కలు తెల్ల పెయింటుతో పెట్టండి. ఆ కీలు ఆ చక్రాలకే, ఆ గాడులకే అరగదీసి కూర్చోబెట్టినవి, తారుమారైతే తర్వాత చక్రం ఊగుతుంది.

కీ తీయడం అందరినీ ఏడిపించే పని. ఇరుసుకూ చక్రానికీ మధ్య బిగించిన, బయటికి ఒక తల పొడుచుకొచ్చిన ఇనుప చీలిక అది. ముందు కీ బయటికి కనిపించే భాగం మీదా, అది జారాల్సిన ఇరుసు గాడిలోనూ తుప్పు, పెయింటు పూర్తిగా గీకేయండి. ఇది చేయకుండా కొడితే ఎంత కొట్టినా తుప్పు మీద తుప్పు ఎక్కుతుంది. తర్వాత కీ తలకూ చక్రం మధ్య భాగానికీ నడుమ ఉన్న సందులో రెండు ఇనుప చీలికలు ఎదురెదురుగా పెట్టి ఒకదాని తర్వాత ఒకటి సమంగా కొట్టండి. ఒక్కో దెబ్బకూ చప్పుడు వినండి, కీ కదిలే క్షణంలో చప్పుడు మారుతుంది. కదలకపోతే చక్రం మధ్య భాగాన్ని చుట్టూ సమంగా బ్లో ల్యాంపుతో వేడి చేసి (ఇరుసుకు మంట తగలకుండా) మళ్లీ ప్రయత్నించండి. వేడి చేసేముందు చుట్టుపక్కల పోసిన డీజిల్ అంతా తుడవాలి, ఎండుగడ్డి ఉంటే తీసేయాలి, ఒక బిందె నీళ్లూ నాలుగు దోసిళ్ల ఇసుకా పక్కన ఉండాలి. కీ తల విరిగితే మాత్రం అక్కడితో ఆపి, ఇంజన్‌ని చక్రంతోనే తెచ్చి మిగతాది బెంగళూరులో లేత్ వర్క్‌షాపులో చూసుకోండి.

చక్రం ఊడొచ్చాక నిలబెట్టి వదలకండి. గుండ్రంగా ఉన్న బరువైన వస్తువు, నేల కొంచెం వాలుగా ఉన్నా దొర్లుకుంటూ పోతుంది. వెంటనే చెక్కల మీద పడుకోబెట్టేయండి.

దిమ్మె బోల్టుల నట్లు విప్పేటప్పుడు ముందు కాస్త బిగించే వైపు నెట్టి, తర్వాత విప్పే వైపు. తుప్పు పట్టు అలా వదులుతుంది. రింగ్ స్పానర్‌కు పైపు తొడిగి లాగండి, రాకపోతే హ్యాక్సాతో నట్టును నిలువుగా కోసేయండి. దిమ్మెలోని బోల్టు పోతే పోయింది. ఇంజన్ కాలు మాత్రం పోకూడదు, అందుకని దిమ్మెకూ కాలికీ మధ్య గడ్డపార దూర్చి పైకి ఎత్తకండి, నాలుగు మూలలా కొద్దికొద్దిగా చెక్క చీలికలు కొట్టుకుంటూ లేపండి.

సైలెన్సర్ మీద తెల్లటి పీచులాంటి చుట్టు ఉంటే, పాత గ్యాస్కెట్లు బూడిదరంగులో పొరలు పొరలుగా ఉంటే, అది ఆస్బెస్టాస్ కావొచ్చు. గీకకండి, ఊదకండి. బాగా నీళ్లతో తడిపి, మాస్కు పెట్టుకుని, తీసి కవర్లో కట్టేయండి.

బండెక్కించడం

ఒక ఇంజన్‌కు టాటా ఏస్ చాలు, రెండైతే బొలేరో పికప్. నూనె, డీజిల్, నీళ్లు అన్నీ ముందే డబ్బాల్లోకి దించుకోండి, పొలంలో పారబోయకండి. నాజిల్, పంపు, పైపుల మూతులు గుడ్డతో కట్టేయండి. చిన్న సామానంతా ఒక్కో భాగానికి ఒక్కో సంచి, సంచి మీద పేరు. ఇంజన్‌ని నిలువుగానే, బండి ముందు గోడకు ఆనించి, కింద గోనె సంచులు వేసి ఉంచండి. తాళ్లు, బెల్టులు కింది పెట్టె కాళ్ల మీదుగా వేసి కట్టండి. ఇరుసుకు గానీ డీజిల్ పైపుకు గానీ కట్టకండి. మదనపల్లె, చింతామణి మీదుగా వస్తే మలుపులూ స్పీడ్ బ్రేకర్లూ చాలా తగులుతాయి. ప్రతి గంటకూ ఆగి తాళ్లు చూసుకోవడం మంచిది.

ఇంటికి చేరాక: పిస్టన్ వదిలించడం

మా షెడ్డు హొసకోటె దగ్గర. ఇంజన్ వచ్చిన మొదటి వారం నేను దాన్ని శుభ్రం చేయడం తప్ప ఏమీ చేయను.

లిస్టర్ రకంలో గొప్ప సౌకర్యం ఏమిటంటే సిలిండర్ వేరే ముక్క, కింది పెట్టె మీద కూర్చుని ఉంటుంది. పెట్టె పక్కనున్న తలుపు విప్పి, కనెక్టింగ్ రాడ్ అడుగు బోల్టులు తీసేస్తే, పట్టేసిన పిస్టన్‌తో సహా సిలిండర్‌ని పైకి ఎత్తి బల్ల మీద పెట్టుకోవచ్చు. ఇరుసు మీద ఏ బలమూ పడదు. చక్రాలు పట్టుకుని బలవంతంగా తిప్పి పిస్టన్ వదిలించాలనుకునేవాళ్లు ఈ దారి చూడరు, అందుకే రాడ్లు వంచుకుంటారు.

హెడ్ తీశాక పిస్టన్ పైన కనిపిస్తున్న సిలిండర్ గోడను ముందు నునుపు చేయాలి. ఎమెరీ పేపర్, డీజిల్, చేతి ఓపిక. అక్కడ తుప్పు మెట్టు ఉంటే పిస్టన్ దాని మీదకు ఎక్కలేదు, రింగులు విరుగుతాయి. గోడ వేలికి నున్నగా తగిలాక, పిస్టన్ పైన ఏటీఎఫ్ నూనె (ఆటోమేటిక్ గేర్ల బండ్లలో పోసేది), అసిటోన్ సగం సగం కలిపి పోసి మూత పెట్టి వారం రోజులు వదిలేయండి (అసిటోన్ దగ్గర అగ్గిపుల్ల వద్దు, కిటికీలు తెరిచి ఉంచండి). రోజూ చూస్తుంటే ఒక రోజు ఆ నూనె మట్టం తగ్గి ఉంటుంది. రింగుల చుట్టూ దారి దొరికిందన్నమాట. అప్పుడు సిలిండర్ వెడల్పు కన్నా కొంచెం తక్కువున్న గుండ్రటి చెక్క దిమ్మె, తుమ్మ గానీ చింత గానీ, పిస్టన్ మీద పెట్టి సుత్తితో మధ్యలో కొట్టండి. పెద్ద దెబ్బ ఒకటి కన్నా చిన్న దెబ్బలు యాభై మేలు. నా మూడో ఇంజన్ పిస్టన్ పదకొండో రోజు కదిలింది, ఒక వెంట్రుకవాసి. ఆ సన్నటి మెరుపు గీత చూసి ఆ రోజుకు సుత్తి కింద పెట్టేశాను, మర్నాడు అది చేత్తో నెట్టినట్టు దిగింది.

మన వైపు ఇంజన్లకు ఇంకో జబ్బు ఉంటుంది, పై దేశాల వాళ్ల సలహాల్లో ఇది కనపడదు. అక్కడ చలికి నీళ్లు గడ్డకట్టి సిలిండర్ పగులుతుంది. ఇక్కడ ఉప్పు నీళ్లు సిలిండర్ చుట్టూ ఉన్న నీటి గదిని తెల్లటి రాయిలా పూడ్చేస్తాయి. పైనుంచి బాగానే కనిపించి, నడిపిన పావుగంటకే వేడెక్కి మళ్లీ పట్టేస్తుంది. పక్క ప్లేట్లు విప్పి కడ్డీతో పొడిచి తీయగలిగినంత తీసి, మిగతాదానికి నిమ్మ ఉప్పు వేడినీళ్లలో కరిగించి పోసి ఒక రాత్రి ఉంచండి, బుసబుసమని పొంగుతూ కరుగుతుంది. రెండు మూడు సార్లు చేసి మంచినీళ్లతో కడిగేయండి.

డీజిల్ పంపు (నాజిల్‌కు డీజిల్ నెట్టేది), నాజిల్ మాత్రం సొంతంగా విప్పకండి. లోపలి ఎలిమెంట్ జుట్టు కన్నా సన్నటి సందుతో అమరి ఉంటుంది, ఒక ఇసుక రేణువు చాలు పాడవడానికి. డీజిల్ పంపులు సర్వీస్ చేసే షాపులు బెంగళూరులో చాలా ఉన్నాయి, స్పేర్లకు జేసీ రోడ్డు, బేరింగులూ పనిముట్లకు ఎస్పీ రోడ్డు. పంపు తుడిచాక దాని మీద మైకో అని అక్షరాలు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి చూడండి. 1951లో మొదలైన మైకో కంపెనీది అది, మన ఆడుగోడిలో ఉన్న కంపెనీయే, మైకో లేఔట్‌కు పేరు తెచ్చింది అదే, 2008 నుంచి దాని పేరు బాష్ లిమిటెడ్. బెంగళూరులో పుట్టి, ఎడ్లబండెక్కి తనకల్లు దాకా పోయి, ముప్పై ఏళ్లు పంటకు నీళ్లు తోడి, మళ్లీ ఇదే ఊరికి సర్వీసుకు వచ్చిన పంపు ఒకటి నా దగ్గరుంది.

మొదటిసారి స్టార్ట్ చేయడం

కొత్త నూనె పోసి, పుష్‌రాడ్లు పెట్టి, చక్రాన్ని చేత్తో కనీసం ఇరవై చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆపి కారణం వెతకండి. తర్వాత పంపు పక్కనున్న పళ్ల కడ్డీని వేలితో ముందుకూ వెనక్కూ నెట్టి చూడండి. తేలిగ్గా జారాలి, వదిలితే గవర్నర్ (వేగాన్ని అదుపులో ఉంచే భాగం) దాన్ని లాగాలి. ఇది పట్టేసి ఉంటే ఇంజన్ అందుకున్నాక ఆగదు, వేగం పెరుగుతూనే పోతుంది. అందుకే గాలి ఫిల్టర్ తీసేసి, ఇన్‌లెట్ మూతికి సరిగ్గా సరిపడే మందమైన చెక్క పలక ఒకటి చేతికందేలా పెట్టుకోండి. వేగం అదుపు తప్పితే ఆ పలకతో మూతి మూసేయాలి, గాలి అందకపోతే ఏ డీజిల్ ఇంజన్ అయినా చచ్చినట్టు ఆగుతుంది. చెయ్యి మాత్రం అడ్డం పెట్టకండి.

హ్యాండిల్ తిప్పేవాళ్లు లుంగీ, కండువా, చేతి గడియారం తీసేయాలి. బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉండాలి, పిడికిలి చుట్టకూడదు. వెనక్కి తన్నితే బొటనవేలు విరుగుతుంది. హ్యాండిల్ ఎక్కే ఇరుసు కొసకు గ్రీజు రాయండి, ఇంజన్ అందుకోగానే అది జారి చేతికి రావాలి. రాలేదా, లాగడానికి ప్రయత్నించకండి, వదిలేసి పక్కకు జరిగి డీజిల్ ఆపేయండి. కంప్రెషన్ వదిలే లివర్ ఎత్తిపెట్టి తిప్పండి, నాజిల్ దగ్గర క్రీక్ క్రీక్ అని చప్పుడు వినపడితే డీజిల్ అందుతున్నట్టు. వేగం బాగా అందాక లివర్ దించండి.

మొదట తెల్లటి పొగ, అన్నేళ్ల నూనె కాలుతున్న వాసన, పక్కింటివాళ్ల కంగారు, అన్నీ ఉంటాయి. వాళ్లకు ముందే చెప్పి ఉంచండి. పది నిమిషాలు చాలు. నీళ్లు వెచ్చబడుతున్నాయో లేదో పైపు పట్టుకుని చూసి ఆపేయండి. వేడి మీదే కింది నూనె మొత్తం తెల్ల పళ్లెంలోకి దించి, వెలుతురులో అయస్కాంతంతో వెతకండి. నల్లటి మడ్డి వస్తే పర్లేదు, మళ్లీ నూనె మార్చి నడపొచ్చు. వెండిలా మెరిసే సన్నటి రేకులు కనిపిస్తే బేరింగ్ మెటల్ ఊడుతోందని, అది అయస్కాంతానికి అంటదు. అప్పుడు తలుపు మళ్లీ విప్పి కనెక్టింగ్ రాడ్ దగ్గర నుంచి చూసుకుంటూ రావాల్సిందే.